రెండు నెలల బీమానా, ఏడాది బీమానా?

(పార్సిప్పనీలో మన గ్రూపు ఆదివారం కూడికలో ఒక సూపర్వైజర్ అన్న చెప్పిన మాటలు. డ్యూటీ ఉండి రాలేకపోయిన వాళ్ల కోసం ఆయనే రాసి ఇచ్చారు.)

ఆరు రోజులు ఒళ్లు వంచి పని చేసి, ఉన్న ఒక్క సెలవు రోజున వచ్చి కూర్చున్నారు కాబట్టి ఎక్కువ సేపు తీసుకోను.

ముందే ఒక మాట. నేను ఏజెంటును కాదు, నాకు కమీషన్ లేదు. చదువు పదో తరగతి. జగిత్యాల దిక్కు మాది. దుబాయ్‌లో బిల్డింగుల మీద తొమ్మిదేళ్లు చేసి, తర్వాత ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు నా కింద పాతిక మంది పని చేస్తారు. వాళ్లకు దెబ్బ తగిలినా, కడుపు నొప్పి వచ్చినా మొదట ఫోన్ నాకే వస్తుంది. అట్లా ఆసుపత్రుల చుట్టూ తిరిగి, కాగితాలు చదివించుకొని, తెలిసిన వాళ్లను అడిగి నేర్చుకున్నదే ఈ రోజు చెప్తున్నాను.

అందరూ నన్ను అడిగేది ఒక్కటే. "అన్నా, రెండు మూడు నెలలకు తీసుకునే బీమా మంచిదా, ఏడాదిది మంచిదా? చిన్నదానికి నెలకు ఎనభై డాలర్లే అంట కదా."

నెలలు లెక్కబెట్టే ముందు ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నేను ఇక్కడ చుట్టపు చూపుగా వచ్చానా, ఇక్కడే బతుకుతున్నానా? ఇది ఒకటి. ఈ బీమా నాకు నిన్న ఉన్న జబ్బును కూడా మోస్తుందా, రేపు కొత్తగా వచ్చేదాన్ని మాత్రమే మోస్తుందా? ఇది రెండోది. ఈ రెండూ తేలితే నెలల సంగతి దానంతట అదే తేలుతుంది.

పొట్టి బీమా అంటే మన సెంట్రింగ్ లాంటిది. స్లాబ్ గట్టిపడే దాకా కింద నిలబెట్టే కర్రలు అవి. వాటి పని వాటికి ఉంది. కానీ సెంట్రింగ్ మీదనే సంసారం పెడతానంటే ఏ మేస్త్రీ ఒప్పుకోడు.

ఆ బీమా అమ్మేవాడు మీ షుగర్, బీపీ, పాత నడుము నొప్పి గురించి ముందే అడగొచ్చు, అడిగి ఇవ్వను పొమ్మనొచ్చు. అడగకుండా ఇచ్చినా, బిల్లు వచ్చినంక మీ పాత రికార్డులు తెప్పించి, "ఇది నీకు ముందునుంచే ఉంది" అని చేతులు ఎత్తెయ్యొచ్చు. కాన్పు ఖర్చు చాలావాటిలో ఉండదు. ఇంత వరకే ఇస్తాం అని పైన ఒక గీత ఉంటుంది. ఏడాది బీమా, అంటే 2010 చట్టం కింద వచ్చేది, ఒబామాకేర్ అంటారు చూడండి, దాంట్లో పాత జబ్బు ఉందని కాదనడానికి లేదు, రేటు పెంచడానికి లేదు. అక్కడ గీత మన వైపు ఉంటుంది. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో, బీమా కింద వచ్చే వైద్యానికి మన జేబులోంచి ఏడాదికి ఇంతకంటే పోకూడదు అని. 2026కి ఆ గీత ఒక మనిషికి 10,600 డాలర్లు, కుటుంబానికి 21,200.

అది కూడా చాలా ఎక్కువే, కాదనను. అయితే లెక్క వేసి చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకుంటున్నవే, మీ ధర వేరే ఉంటుంది. పొట్టి బీమా నెలకు 80 అంటే ఏడాదికి 960. పెద్దది నెలకు 400 అనుకుంటే 4,800. తేడా 3,840 డాలర్లు. ఊళ్లో అప్పు ఉన్నోడికి ఇది పెద్ద పైసలే. ఇప్పుడు రెండో వైపు చూడండి. విరిగిన కాలు బాగు చేయించాలంటే 7,500 డాలర్ల దాకా, మూడు రోజులు ఆసుపత్రిలో ఉంటే 30,000 దగ్గర దగ్గర అవుతుందని కేంద్ర ప్రభుత్వ బీమా వెబ్‌సైటే రాసింది. పెద్ద బీమాలో ఎంత చెడ్డ ఏడాది అయినా 4,800కు 10,600 కలిపితే 15,400 దగ్గర ఆగిపోతుంది. రెండోదాంట్లో ఎక్కడ ఆగుతుందో చెప్పేవాడు లేడు.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. చాలామందికి ఇది తెలియదు. ఆ షార్ట్ టర్మ్ బీమాలు కేంద్రం లెక్కలో ఒకప్పుడు మూడు నెలలకు మించకూడదు. 2018లో 364 రోజుల దాకా పెంచారు. 2024 సెప్టెంబరు నుంచి కొత్తవాటికి మళ్లీ మూడు నెలలు, పొడిగిస్తే మొత్తం నాలుగు నెలలు అన్నారు. 2025 ఆగస్టులో ఆ నియమం మీద గట్టిగా పట్టుబట్టం అని కేంద్రమే చెప్పింది. అట్లా అటూ ఇటూ ఊగుతూనే ఉంది. కానీ న్యూజెర్సీలో ఈ గొడవే లేదు. ఇక్కడ నివాసం ఉండేవాళ్లకు ఆ షార్ట్ టర్మ్ బీమాలు అమ్మరు. రాష్ట్రం నియమాలకు అవి నిలవవు.

మరి నెలకు ఎనభై డాలర్లకు మీకు ఫోన్ చేసి అమ్ముతున్నది ఏంటి?

మా సైటులో డ్రైవాల్ పని చేసే తమ్ముడు ఒకడు ఉన్నాడు. వాడి పేరు చెప్పను, అమ్మినోళ్ల పేరూ చెప్పను. ఫోన్‌లో ఒక ఆవిడ "ఇది దేశమంతా చెల్లుతుంది, ఈ రోజే ఆఖరు" అన్నది. వాడు కార్డు నంబరు ఇచ్చేశాడు. వారంలో మెరిసే కార్డు పోస్టులో వచ్చింది. బాగానే ఉంది అనుకున్నాం అందరం. ఆరు నెలలకు అపెండిక్స్ నొప్పి లేచింది. రాత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోయాం, తెల్లారి ఆపరేషన్ అయింది. అప్పుడు కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆ కార్డు చూసి, ఇది ఆరోగ్య బీమా కాదు, ఆసుపత్రిలో ఉన్న రోజుకు ఇంత అని చేతికి ఇచ్చే పథకం అని చెప్పింది. దాన్ని ఫిక్స్‌డ్ ఇండెమ్నిటీ అంటారు. రోజుకు రెండు వందలు ఇచ్చేది అయితే, బిల్లు ముప్పై వేలు అయినా మూడు రోజులకు ఆరు వందలే ఇస్తుంది. వాడు మూడో రోజు పొద్దున కుట్లు పచ్చిగా ఉండగానే "అన్నా, నన్ను డిశ్చార్జి చేయించు, రోజు లెక్క పెరుగుతుంది" అని నా చెయ్యి పట్టుకున్నాడు. మనిషికి నొప్పి కంటే బిల్లు భయం ఎక్కువైంది. వాడి సంగతి ఎట్లా తేలిందో కింద చెప్తాను.

కాబట్టి ఫోన్‌లో అమ్మేవాణ్ణి అడగాల్సింది ఇది: "నాకు షుగర్ ఉంది, దానికి డబ్బు కడతారా? ఏడాదిలో నా జేబులోంచి గరిష్ఠంగా ఎంత పోతుంది? ఆ కాగితం ముందు పంపండి, చదివి కడతాను." అసలైనవాడు కాగితం పంపుతాడు. కాగితానికి ముందే కార్డు నంబరు అడిగితే ఫోన్ పెట్టెయ్యండి. లైసెన్సు ఉందో లేదో న్యూజెర్సీ బ్యాంకింగ్ అండ్ ఇన్సూరెన్స్ శాఖ దగ్గర చూడొచ్చు. కొందరు మతం పేరు మీద ఖర్చులు పంచుకుందాం అని కూడా అమ్ముతారు. అది బీమా కాదు, బిల్లు కడతామని చట్టం ముందు మాట ఇచ్చినట్టు కాదు.

అసలు దారి గెట్ కవర్డ్ ఎన్‌జే. 2020 నవంబరు నుంచి మన రాష్ట్రమే నడుపుతున్న బీమా బజారు అది. ఈ మధ్య ఏళ్లలో నవంబరు 1 నుంచి జనవరి 31 దాకా తెరిచి ఉంచారు. ఇక ముందు ఆ గడువు తగ్గబోతోంది, కాబట్టి దీపావళి అయిపోగానే పని పెట్టుకోండి, సంక్రాంతికి చూద్దాంలే అనుకోకండి. ఫోన్ 1-833-677-1010. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు దుబాసీ కావాలి" అని అడగండి. సిగ్గు పడేది ఏమీ లేదు.

అక్కడ బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని ఉంటాయి. మనోళ్లు నెల కట్టుబడి తక్కువ అని బ్రాంజ్ మీద పడతారు. ఆగండి. ఆదాయం పేదరికపు గీతకు రెండున్నర రెట్ల లోపు ఉంటే, 2026 లెక్కలో ఒంటరి మనిషికి ఏడాదికి 39,125 డాలర్లు, సిల్వర్ తీసుకున్న వాళ్లకు ఆసుపత్రిలో కట్టే వాటా కూడా తగ్గిస్తారు. డిడక్టిబుల్, అంటే బీమా వాడు చెయ్యి పెట్టక ముందు మన జేబులోంచి పోయే మొత్తం, అది బాగా దిగుతుంది. బ్రాంజ్‌లో ఈ సాయం లేదు. నెల కట్టుబడికి కేంద్రం సాయం వేరే, దాని పైన రాష్ట్రం ఇచ్చే ఎన్‌జే హెల్త్ ప్లాన్ సేవింగ్స్ వేరే. కేంద్రం ఇస్తున్న అదనపు సాయం గడువు 2025తో అయిపోయింది, అందుకే ఈసారి చాలామందికి బిల్లు పెరిగి కనబడింది.

ఇంకో దెబ్బ ముందు ఉంది, ఇప్పుడే తెలుసుకోండి. 2025 జూలైలో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం 2027 నుంచి ఆ కేంద్ర సాయం గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, ఇంకా ఒకటి రెండు చిన్న వర్గాలకు మాత్రమే. వర్క్ పర్మిట్ మీద, వీసా మీద ఉన్నవాళ్లు బీమా కొనుక్కోవచ్చు గానీ కేంద్రం సాయం రాదు. అట్లాంటి వాళ్లు ఇప్పటినుంచే చూసుకోవాల్సింది ఆరోగ్య బీమా ఇచ్చే పని. గంటకు ఒక డాలర్ తక్కువ వచ్చినా బీమా ఉన్న కంపెనీ మేలు అని నా లెక్క. యాభై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఫుల్ టైం మనుషులు ఉన్న కంపెనీ బీమా ఇవ్వకపోతే జరిమానా పడే చట్టం ఉంది. కాబట్టి పనిలో చేరే రోజే అడగండి.

బీమా లేకుండా ఉంటే ఏమైతది అంటారా? 2019 నుంచి న్యూజెర్సీలో బీమా లేనివాళ్లు రాష్ట్రం పన్ను కాగితంలో జరిమానా కట్టాలి. పెద్దవాళ్లకు ఏడాదంతా లేకపోతే కనీసం 695 డాలర్లు, ఆదాయాన్ని బట్టి ఎక్కువ. మినహాయింపులు ఉన్నాయి, టాక్స్ చేసే ఆయన్ని అడగండి. ఇందాక చెప్పిన మెరిసే కార్డు ఈ లెక్కకు పనికిరాదు.

ఇక పొట్టి బీమా నిజంగా పనికొచ్చే చోట్లు. మొదటిది మన అమ్మానాన్నలు. ఆరు నెలలకు మనవడిని చూడటానికి వస్తారు. వాళ్లు చుట్టపు చూపు, కాబట్టి వాళ్లకు విజిటర్ బీమానే సరైనది. అందులో రెండు రకాలు. ఒకటి ఫిక్స్‌డ్, డాక్టరుకు ఇంత, ఎక్స్‌రేకు ఇంత అని ముందే రాసి పెట్టుకున్నది. అది చవక, కానీ అమెరికా బిల్లుకు ఏ మూలకూ రాదు. రెండోది కాంప్రహెన్సివ్, డిడక్టిబుల్ పోగా బిల్లులో ఎక్కువ భాగం ఒక పరిమితి దాకా కడుతుంది. రెండోదే తీసుకోండి. నాన్నకు బీపీ ఉంటే "అక్యూట్ ఆన్‌సెట్" అనే మాట కాగితంలో వెతకండి. పాత జబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే కడతాం అని దాని అర్థం. దానికి వయసు పరిమితి ఉంటుంది, ఒక రోజు లోపల ఆసుపత్రికి పోవాలి అనే షరతు ఉంటుంది. రోజూ వేసుకునే మాత్రలకు, చెకప్‌లకు అది ఇవ్వదు. అందుకే ఆరు నెలల మందులు చీటీతో సహా ఊరి నుంచే తెచ్చుకోమనండి. విమానం ఎక్కక ముందే తీసుకోండి. వచ్చినంక ఛాతీలో నొప్పి మొదలయ్యాక కొందామంటే ఇల్లు కాలినంక బాయి తవ్వినట్టే.

"మాకు ఆరోగ్యశ్రీ ఉంది కదా" అని ఒక పెద్దాయన నన్ను అడిగాడు. 2007లో మొదలైన మంచి పథకం అది. 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రలో 25 లక్షలకు పెంచారు. కానీ అది వాళ్ల జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే. డెన్విల్‌లో, మోరిస్‌టౌన్‌లో ఆ కార్డు పని చెయ్యదు. గల్ఫ్‌కు పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది, రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు. అది ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లకే తప్పనిసరి. నేను పది పాసయ్యాను కాబట్టి నాది ఈసీఎన్‌ఆర్, నాకెవరూ చేయించలేదు. చదువు ఎక్కువైనందుకు తప్పిపోయిన బీమా ప్రపంచంలో అదొక్కటే అనుకుంటా! దుబాయ్‌లో 2013 చట్టం వచ్చాక కంపెనీయే బీమా కట్టాలి, వీసాతో పాటు కార్డు చేతికొస్తుంది. అక్కడినుంచి వచ్చిన మనోళ్లు ఇక్కడ కూడా ఎవరో ఒకరు ఇస్తారులే అనుకుంటారు. ఇక్కడ అడగందే ఎవరూ ఇవ్వరు.

రెండో చోటు, ఒక పని పోయి ఇంకో పని దొరికే మధ్య కాలం. దీనికి చాలామంది పొట్టి బీమా వెతుకుతారు. వెతకక్కర్లేదు. పాత కంపెనీలో బీమా ఉండి, ఇరవై మందికి తక్కువ కాకుండా పని చేసేవాళ్లు ఉంటే కోబ్రా అనే చట్టం వర్తిస్తుంది. అదే బీమాను మన ఖర్చుతో సాధారణంగా 18 నెలల దాకా నడుపుకోవచ్చు. కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి కాబట్టి ధర గుండె ఝల్లుమంటుంది. కానీ తీసుకుంటావా లేదా చెప్పడానికి 60 రోజులు టైం ఇస్తారు, తీసుకుంటే పాత బీమా ఆగిన రోజు నుంచే లెక్క. అంటే ఆ 60 రోజుల్లో ఏమీ కాకపోతే ఒక్క డాలర్ కట్టక్కర్లేదు. కాలు విరిగితే అప్పుడు ఒప్పుకొని, వెనక నెలల కట్టుబడి కట్టి, బిల్లు బీమాకు పంపొచ్చు. చిన్న కంపెనీలకు రాష్ట్రం నియమం వేరే ఉంది, గడువు ఇంకా తక్కువ. ఆఖరి చెక్కు తీసుకునే రోజే అడగండి. కంపెనీ బీమా పోయిన 60 రోజుల్లో గెట్ కవర్డ్‌లో కూడా చేరొచ్చు, నవంబరు దాకా ఆగక్కర్లేదు. ఆ 60 రోజులు దాటితే మాత్రం తలుపు మూసుకుంటుంది. క్యాలెండర్ మీద ఎర్ర గీత పెట్టుకోండి.

ఇప్పుడు కాగితాలు లేని తమ్ముళ్ల సంగతి. ఈ గదిలో ఉన్నారో లేరో నేను అడగను, ఎవరూ అడగొద్దు. గెట్ కవర్డ్‌లో వాళ్లకు దారి లేదు. కానీ చేతులు కట్టుకొని కూర్చోవాల్సిన పని లేదు. 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని పైసలు ఉన్నాయా, కాగితాలు ఉన్నాయా అని చూడకుండా పరీక్ష చేసి, ప్రాణానికి ముప్పు తప్పే దాకా వైద్యం చెయ్యాలి. బిల్లు మాత్రం తర్వాత వస్తుంది. దానికి న్యూజెర్సీలో చారిటీ కేర్ ఉంది. ఆదాయం పేదరికపు గీతకు రెండు రెట్ల లోపు ఉంటే ఆసుపత్రి బిల్లు మొత్తం, మూడు రెట్ల దాకా కొంత భాగం మాఫీ. ఆస్తి కూడా చూస్తారు, ఒంటరి మనిషికి 7,500 డాలర్లు దాటకూడదు. మన డ్రైవాల్ తమ్ముణ్ణి బయట పడేసింది ఇదే. జీతం చీటీలు, ఇంటి అద్దె కాగితం పట్టుకొని ఆసుపత్రి ఆర్థిక సాయం కౌంటర్‌కు నాలుగుసార్లు తిరిగాం. నాలుగోసారి సంతకం అయింది. ఆసుపత్రి బిల్లు పోయింది గానీ, డాక్టర్లు వేరేగా పంపిన బిల్లులు దీని కిందకు రాలేదు. అవి నెలకు ఇంత అని కట్టుకుంటున్నాడు.

చిన్న జబ్బులకు ఎమర్జెన్సీకి పరిగెత్తొద్దు. డోవర్‌లో, మోరిస్‌టౌన్‌లో జుఫాల్ హెల్త్ క్లినిక్‌లు ఉన్నాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు. షుగర్, బీపీ ఉన్నోళ్లు అక్కడ పేరు రాయించుకోండి. పిల్లలకైతే 2023 జనవరి నుంచి కవర్ ఆల్ కిడ్స్ కింద పంతొమ్మిదేళ్ల లోపు వాళ్లకు, ఆదాయం సరిపోతే, కాగితాలతో పని లేకుండా ఫ్యామిలీకేర్ ఇస్తున్నారు. పేరు రాయించడానికి భయంగా ఉంటే ముందు క్లినిక్‌లో సాయం చేసే మనిషినో, వలస కేసులు చూసే వకీలునో అడిగి తర్వాతే పోండి. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండని పెద్దవాళ్లకు మామూలుగా ఫ్యామిలీకేర్ రాదు. వాళ్లు గెట్ కవర్డ్ దారి పట్టాలి.

ఆఖరుకు మన పనికి సంబంధించినది, దీనికి ఎవరూ చెయ్యెత్తి అడగలేదు కానీ నేను చెప్పకుండా దిగను. పని మీద దెబ్బ తగిలితే దానికి పొట్టి బీమా, పొడుగు బీమా రెండూ కావు. అది వర్కర్స్ కాంపెన్సేషన్. న్యూజెర్సీలో యజమాని తప్పకుండా పెట్టాలి. కాగితాలు లేనివాళ్లకు కూడా వర్తిస్తుంది. డాక్టరు ఖర్చు వాళ్లదే, డాక్టర్ని ఎంచుకునేది కూడా వాళ్లే. వారానికి పైగా పనికి పోలేకపోతే జీతంలో 70 శాతం, ఒక పరిమితికి లోబడి, వస్తుంది. నిచ్చెన మీద నుంచి పడ్డవాణ్ణి కారులో వేసుకుపోతూ "ఇంట్లో మెట్ల మీద పడ్డానని చెప్పు" అని నేర్పే ఫోర్‌మన్‌లు ఉన్నారు. ఆ మాట చెప్తే మీ కేసు అక్కడే పోతుంది. ఆసుపత్రిలో మొదటి నోటి మాటే పని దగ్గర పడ్డాను అని ఉండాలి, కాగితం మీద అదే రాయించాలి. అదే రోజు సూపర్వైజర్‌కు మెసేజ్ పెట్టండి, నోటితో చెప్పి ఊరుకోకండి. మెసేజ్ మీద తారీఖు ఉంటుంది. "నీకు 1099 ఇస్తున్నాం, నువ్వు కాంట్రాక్టరువి, నీకు రాదు" అని అంటే నమ్మొద్దు. పని ఎప్పుడు మొదలు పెట్టాలో, ఎట్లా చెయ్యాలో చెప్పేది వాళ్లు అయినప్పుడు కాగితం మీద పేరు మార్చినంత మాత్రాన మీరు కాంట్రాక్టరు అయిపోరు.

వచ్చే ఆదివారం కూడా లేక్ హయావతా దగ్గర ఇదే హాలులో ఉంటాను. బీమా కార్డు ఉన్నవాళ్లు కార్డు, దాంతో వచ్చిన కాగితాల కట్ట రెండూ తీసుకురండి. కార్డు ఒక్కటి తెస్తే నేనేమీ చెప్పలేను. పోస్టులో వచ్చి ఇంకా విప్పని కవర్లు ఉంటే అవి కూడా తెండి, టీ తాగుతూ విప్పుదాం.